బొంగు చికెన్ కంటే ముందు

మా ఇంట్లో తిండి మీద అభిప్రాయం లేని మనిషి లేడు. మా నాన్న లెక్కలో ఖమ్మం పొలిమేర దాటితే మంచి కాఫీ దొరకదు. అమ్మ హోటల్ సాంబారు ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని ఏం తక్కువైందో చెప్పేస్తుంది (తొంభై శాతం సార్లు ఇంగువే). నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, ఏ గల్లీ మెస్సులో ఏ రోజు చేపల పులుసు బాగుంటుందో ఫోన్‌లో రాసి పెట్టుకునే రకం. అమ్మమ్మ మాత్రం ఇంటి పొయ్యి మీద ఉడికిందే తిండి అంటుంది. అందరం ఒకరితో ఒకరం ఒప్పుకోకుండానే హాయిగా బతికేస్తున్నాం. రెండేళ్ళ కింద బొంగు చికెన్ దగ్గర మాత్రం గొడవయింది.

అమ్మమ్మను భద్రాచలం తీసుకెళ్ళాం. దర్శనం అయ్యాక, శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు చూడాలంటే కూనవరం వైపు బయల్దేరాం. దారిలో రోడ్డు పక్కన పచ్చి వెదురు బొంగులు నిప్పుల మీద వరసగా పేర్చి ఉన్నాయి. వెనక ఫ్లెక్సీ మీద ఈకల కిరీటం పెట్టుకున్న ఎవరో మనిషి బొమ్మ, 'అసలు సిసలు ఆదివాసీ రుచి' అని రాత. నేను కారు ఆపి ఒక బొంగు చెప్పా. చీల్చి విస్తరాకులో పోశాడు. నూనె చుక్క లేదు, ముక్క మెత్తగా, వెదురు వాసనతో బానే ఉంది. మసాలా మాత్రం దండిగా దట్టించాడు.

అమ్మమ్మ కారు దిగలేదు. కిటికీలోంచే అంది: "అడివిలో వాళ్ళు ఇట్టా గరం మసాలా పూసుకుని తింటారని నీకెవరు చెప్పార్రా? మా పొగాకు చేలోకి కూలికొచ్చే కోయామె సొరకాయ బుర్రలో జావ తెచ్చుకునేది. నేనోసారి ఆ బుర్ర ముట్టుకుంటే మా అమ్మ వీపు చీరేసింది. ఇయ్యాల నువ్వు డబ్బులిచ్చి తింటన్నావు."

ఇంకో మాట కూడా అంది, కాస్త ఆగి. దెబ్బలు తిన్న తర్వాత కూడా ఆమె దగ్గర వేయించిన ఇప్పపువ్వు అడిగి తినేదట, ఎవరికీ తెలీకుండా. డెబ్బై ఏళ్ళ పాటు మా ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి అది.

అమ్మమ్మ వాళ్ళ నాన్న కృష్ణా జిల్లా నుంచి బూర్గంపాడు దగ్గరికి పొగాకు వేయడానికొచ్చిన రైతు. అంటే ఈ కథలో మేం ఎటువైపు వాళ్ళమో ముందే చెప్పేస్తున్నా. ఆ భూముల సంగతి, 1/70 చట్టం సంగతి వేరే వ్యాసం. ఇక్కడ నన్ను పట్టుకున్న ప్రశ్న చిన్నది. ఒక తరంలో ముట్టుకుంటే దెబ్బలు పడిన తిండి, ఇంకో తరంలో కారు ఆపి తినే తిండి ఎలా అయింది? రుచి మారిందా? రుచి సంగతి తర్వాత, ముందు చెట్టు ఎవరి లెక్కలోకి వెళ్ళిందో చూడాలని చదివేకొద్దీ అర్థమైంది.

నేల చరిత్ర చూడండి. 1860లో నిజాం భద్రాచలం, రేకపల్లి తాలూకాలను బ్రిటిష్ వాళ్ళకు ఇచ్చేశాడు. వాళ్ళు వాటిని సెంట్రల్ ప్రావిన్సెస్‌లో అప్పర్ గోదావరి జిల్లాకు కలిపారు. 1874లో అక్కణ్ణుంచి తీసి మద్రాసు ప్రెసిడెన్సీలో గోదావరి జిల్లాలో పెట్టారు. 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో పోలవరం ముంపు పేరుతో చుట్టూ ఉన్న మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి, భద్రాచలం పట్నం ఇటు తెలంగాణలో మిగిలింది. ఇటు ఒడ్డున పాల్వంచ, బూర్గంపాడు 1948 దాకా నిజాం రాజ్యమే. చెట్లు ఉన్నచోటే ఉన్నాయి. వాటి మీద అధికారం ఏ కచేరీదో అదే మారుతూ వచ్చింది.

*

మొదట జీలుగు చెట్టు. పొలంలో పచ్చిరొట్ట ఎరువు కోసం చల్లే జీలుగ కాదు, ఇది తాటికి చుట్టం. చేప తోకలాంటి ఆకులు, నున్నటి ఎత్తైన మాను. విచిత్రమైన చెట్టు: పై నుంచి కిందికి పూస్తూ వస్తుంది, అట్టడుగు గెల అయిపోయాక చచ్చిపోతుంది. గెల గీస్తే కల్లు. చెట్టు కూల్చి మాను చీలిస్తే లోపల మెత్తటి దవ్వ. దాన్ని దంచి, జల్లించి, ఎండబెడితే పిండి. ఆ పిండి జావ కాచుకోవచ్చు. కల్లు కావాలంటే చెట్టు నిలబడాలి, పిండి కావాలంటే చెట్టు పడాలి. గోదావరి కొండల్లో కొండరెడ్ల ఇళ్ళలో ఇదొక ఇంటి లెక్క.

ఈ ఇంటి లెక్కలో సర్కారు వేలు పెట్టింది 1870లలో. సొంతానికి గీసుకునే కల్లు మీద రంప మన్సబుదారు 'చిగురుపన్ను' వసూలు చేసేవాడు. దాని పైన మద్రాసు సర్కారు కొత్త అబ్కారీ నిబంధనలు తెచ్చి, కల్లు రాబడిని గుత్తకిచ్చింది. ఇంటికోసం గీసుకున్నా గుత్తదారుకి కట్టాల్సిందే. 1879 మార్చిలో చోడవరం దగ్గర తిరుగుబాటు మొదలైంది. ఆ ఏడాదే మన భద్రాచలం తాలూకా రేకపల్లి వైపు పాకింది. అక్కడ కారణం ఇంకోటి కూడా ఉంది. సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉన్నప్పుడు పోడు కొట్టుకోవడానికి పెద్దగా అడ్డు లేదు. మద్రాసు చేతికి వచ్చాక పోడు మీద శిస్తు మూడింతలైంది, కొన్నిచోట్ల పోడే వద్దన్నారు. కొండ అదే, సామలు అవే. తాలూకా ఒక ఫైల్లోంచి ఇంకో ఫైల్లోకి వెళ్ళినందుకు తిండి గింజ ఖరీదు పెరిగింది. 1907లో హెమింగ్వే రాసిన గోదావరి జిల్లా గెజెటీర్‌లో ఇదంతా ఉంది. దొర భాషలో, దొర పొడి స్వరంలో రాసి ఉన్నా కారణాలు మాత్రం దాచలేదు.

అల్లూరి సీతారామరాజు పేరు తెలియని తెలుగువాడు ఉండడు. ఆయన తిరుగుబాటు 1922లో. దానికి నలభై మూడేళ్ళ ముందు అదే కొండల్లో ప్రధానంగా కల్లు కోసం, పోడు కోసం లేచిన జనం గురించి మనకు సినిమా లేదు. నాకు తోచిన కారణం ఒకటి చెప్తా. కల్లు కోసం పోరాటం అంటే మనకు గౌరవంగా అనిపించదు. అల్లూరి తాగుడు మానమని చెప్పిన మనిషి, కాబట్టి ఆయన మనకు ఇబ్బంది లేని వీరుడు. 1879 వాళ్ళను తాగుబోతులు అనుకోకుండా చూడాలంటే, కల్లు వాళ్ళ ఇంట్లో తిండి కూడా అని ఒప్పుకోవాలి.

తిండి అనే మాట నా సొంతం కాదు. క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి ఇండియాలో ఇరుక్కుపోయాడు. చేతిలో జర్మన్ పాస్‌పోర్ట్. బ్రిటిష్ వాళ్ళు అతన్ని హైదరాబాద్ సంస్థానం దాటొద్దన్నారు. ఆ నిర్బంధంలోనే ముందు చెంచుల దగ్గరికి, తర్వాత గోదావరి లోయలో కొండరెడ్ల దగ్గరికి వెళ్ళాడు. 1945లో 'ద రెడ్డీస్ ఆఫ్ ద బైసన్ హిల్స్' అచ్చయింది. నేను దాన్ని చదివింది ఆఫీసు క్యాబ్‌లో, ఫోన్ మీద, ఓఆర్ఆర్ ట్రాఫిక్‌లో. కొండరెడ్ల సంవత్సరం అందులో తిండి క్యాలెండర్‌లా కనిపిస్తుంది. పోడు పంట ఉన్నన్నాళ్ళు జొన్న, సామ. అది అయిపోయాక అడవి దుంపలు, జీలుగు పిండి. వానాకాలానికి ముందే దాచుకున్న మామిడి టెంకలు. కల్లు పారే కాలంలో కల్లే ఆకలికి సగం మందు. వాళ్ళ మాతృభాష తెలుగే అన్న సంగతి మర్చిపోకండి. జీలుగు, సామ, టెంక అన్నీ మన మాటలే. మన వంటగదుల్లోకి మాత్రం రాలేదు.

టెంక గురించి కొంచెం చెప్పాలి. జీడి పగలగొట్టి, పప్పు తీసి, పారే నీళ్ళలో నానబెట్టి వగరు పోగొట్టి, ఎండబెట్టి దంచుకుంటారు. చదువుతుంటే నాకు మొదట ముచ్చటేసింది, ఎంత తెలివి, ఎంత పొదుపు అని. తర్వాత కాశీపూర్ గుర్తొచ్చింది. 2001లో ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్‌లో బూజు పట్టిన టెంక పిండి జావ తాగి ఆదివాసీలు చనిపోయారు. ఆకలి చావులని కొందరు, అది వాళ్ళ సంప్రదాయ ఆహారమేనని సర్కారు వాళ్ళు వాదించుకున్నారు. అది సంప్రదాయ ఆహారమే. ఆకలి కూడా నిజమే. ఇంట్లో బియ్యం ఉన్నవాడు టెంక తింటే ఆచారం, లేనివాడు తింటే గతిలేక. పైనుంచి చూసేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఆ పోలికనే వాడుకుని తప్పించుకోవచ్చు.

అందుకే 'అడవి తిండి ఎంత ఆరోగ్యం' అనే పాట నేను పాడలేను. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయల కిలో బియ్యం పథకం పెట్టాడు. ఏజెన్సీలో ఆ బియ్యం వానాకాలపు ఆకలి నెలలను ఎంత మార్చిందో, అమ్మమ్మ ఒక్క ముక్కలో చెప్తుంది: "అప్పట్నించి శ్రావణంలో కూలోళ్ళ మొహాలు తేటపడ్డయ్యి." ఆ బియ్యాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు మూడు పూటలా తిన్నవాడికి లేదు. కానీ దానితో పాటే సామ, కొర్ర కంచంలోంచి పోయాయి. పోడు నేరమైంది, రేషన్ హక్కయింది. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంటే మా ఆఫీసు క్యాంటీన్‌లో కొర్ర పులావ్ పెట్టారు. సామలు పండించినందుకు శిస్తు మూడింతలు కట్టిన రేకపల్లి జనం ఆ పూట నాకు గుర్తొచ్చారు. పులావ్ అయితే ముద్దముద్దగా ఉంది. కొర్రలకు బాస్మతి పద్ధతిలో ఎసరు పెడితే అంతే.

*

ఇప్పపువ్వు కథ ఇంకా చిత్రం. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామున రాలుతుంది. రసం నిండిన లేత పసుపు పువ్వు, కాస్త మత్తు వాసన. ఏరి ఎండబెడితే కిస్‌మిస్‌లా ముడుచుకుంటుంది. ఎండిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే. కోయ ఇళ్ళలో వేయించుకుంటారు, ఉడకబెట్టుకుంటారు, సారా కాస్తారు. గింజల నుంచి తీసిన నూనె వంటకీ, దీపానికీ. ఒకే చెట్టు స్వీటూ, నూనే, మందూ.

ఆఫీసులో మేం టేబుల్ డిజైన్ చేసేటప్పుడు ఒక వస్తువుని తప్పు కేటగిరీలో పెడితే, ఆ తర్వాత రాసే ప్రతి క్వెరీ తప్పే ఇస్తుంది. ఇప్పపువ్వుకు జరిగింది అదే. సర్కారు దాన్ని ఆహారం కింద కాక సారా ముడిసరుకు కింద రాసుకుంది. 1892లో బొంబాయి ప్రెసిడెన్సీలో ఏకంగా ఇప్పపువ్వు పేరు మీదే ఒక చట్టం వచ్చింది, పువ్వు నిల్వ, అమ్మకం మీద కట్టడి పెడుతూ. సారా కాదు, పువ్వు! నిజాం రాజ్యంలో ఫసలీ 1316లో, అంటే 1906-07లో, అబ్కారీ చట్టం వచ్చింది. ఇక 1927 భారత అటవీ చట్టంలో అటవీ ఉత్పత్తికి నిర్వచనం చదివితే నవ్వొస్తుంది. ఆ జాబితాలో ఇప్పపువ్వు, ఇప్పగింజ 'అడవిలో దొరికినా దొరకకపోయినా' అనే వర్గంలో ఉన్నాయి. అంటే మీ పెరట్లో రాలినా అది అటవీ ఉత్పత్తే. మనకు 1967 నుంచి సొంత అటవీ చట్టం ఉంది గానీ, ఆ ఆలోచన ఎక్కడ పుట్టిందో తెలియాలంటే 1927 చూడాలి.

తర్వాత 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. దళారుల చేతుల్లోంచి తప్పించి ఇప్పపువ్వు, చింతపండు, తేనె తనే కొనడం మొదలుపెట్టింది. మంచి పనే. అయితే అమ్మకానికి వెళ్ళే పువ్వుకి ధర వచ్చింది, ఇంట్లో తినే పువ్వు మాత్రం ఆ రసీదుల్లో ఎక్కడా కనపడదు. అమ్మమ్మ దొంగతనంగా తిన్న గుప్పెడు కూడా అంతే.

దేవుడి విషయంలో ఈ లెక్కలు కాస్త తిరగబడ్డాయి. భద్రాచలం స్థలపురాణం ప్రకారం రాముడి విగ్రహాలు పుట్టలో ఉండగా మొదట కనుగొన్నది పోకల దమ్మక్క. భద్రిరెడ్డిపాలెంలో ఉండే ఆదివాసీ ఆడమనిషి. గోదావరి నీళ్ళతో పుట్ట కరిగించి, పందిరి వేసి, రాలిన తాటిపండు నైవేద్యం పెట్టిందట. కంచర్ల గోపన్న తహసీల్దారుగా వచ్చి గుడి కట్టింది తర్వాత. అంటే భద్రాద్రి రాముడి తొలి ప్రసాదం తాటిపండు. పళ్ళ సందుల్లో పీచు ఇరుక్కునే, చేతులు పసుపు చేసే తాటిపండు. ఇప్పుడు కౌంటర్లో లడ్డూ, పులిహోర. పులిహోర బాగుంటుంది, అందులో నాకు వేరే అభిప్రాయం లేదు. కానీ దమ్మక్క కథ చెప్పే మా అమ్మమ్మే, దమ్మక్క లాంటి మనిషి బుర్ర ముట్టుకున్నందుకు దెబ్బలు తింది. కొట్టిన మా ముత్తవ్వకి కూడా ఆ కథ తెలిసే ఉంటుంది.

ఇక బొంగు. వెదురులో వండుకోవడం ఈ కొండలకే కాదు, నాగాలాండ్ నుంచి వియత్నాం దాకా ఉన్న పద్ధతి. కుండ మోసుకెళ్ళక్కర్లేదు, కొట్టిన చోటే పాత్ర. ఇక్కడి వెదురుకు మాత్రం ఇంకో చరిత్ర ఉంది. హైమెన్‌డార్ఫ్ వెళ్ళేసరికి కొండరెడ్లు కలప వ్యాపారుల అప్పుల్లో ఉన్నారు. గింజలు, బట్టలు అప్పుగా ఇచ్చి, దానికి బదులు వాళ్ళ చేత అడవి కొట్టించేవాళ్ళు. వెదురు తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రికి పంపేవాళ్ళు. ఆ రోజుల్లో బొంగుకి బదులు దక్కింది కోడికూర కాదు, తీరని అప్పు. 1927 చట్టం వెదురును చెట్టు అంది, శాస్త్రం గడ్డి అంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం దాన్ని చిన్నతరహా అటవీ ఉత్పత్తిలో చేర్చి ఆదివాసీలకు హక్కిచ్చింది. 2017లో సవరణ చేసి 'చెట్టు' నిర్వచనంలోంచి వెదురును తీసేశారు. తొంభై ఏళ్ళు పట్టింది గడ్డిని గడ్డి అనడానికి.

ఫ్లెక్సీ మీద 'అసలు సిసలు' అన్న మాటకి వస్తే, ఫారం బ్రాయిలర్ కోడి, అల్లంవెల్లుల్లి పేస్టు, ప్యాకెట్ గరం మసాలా. ఇవేవీ కొండ మీద పుట్టినవి కావు. నాకు దాని మీద కోపం లేదు. ఆ కొట్టు నడిపేది ఆ ఊరి పిల్లలే అయితే నాలుగు డబ్బులు వాళ్ళకే పోతాయి. నా ఫిర్యాదు రుచి గురించే: ఉప్పు, పచ్చిమిర్చి, కాస్త పులుపు వేసి వదిలేస్తే వెదురు నీరు తన పని తను చేసుకుంటుంది. మసాలా వేస్తే అది ఖమ్మం బస్టాండ్ దగ్గరి కోడికూరే, గిన్నె మారింది అంతే. మనకు తెలిసిన రుచిని తీసుకెళ్ళి అడవి బొంగులో పోసుకుని, అడవి రుచి చూశామని చెప్పుకుంటున్నాం. సొరకాయ బుర్రలో జావ అమ్మే కొట్టు ఆ రోడ్డు మీద నాకు ఒక్కటీ కనపడలేదు. జావకి కారు ఆపేవాడు లేడు కాబట్టి అయ్యుండొచ్చు. ఆ లెక్కన నేనూ ఆపేవాణ్ణి కాదు.

పోలవరం నీళ్ళు పెరిగితే వేలేరుపాడు, కుక్కునూరు వైపు కొండరెడ్ల ఊళ్ళు ఖాళీ చెయ్యాలి. పునరావాస కాలనీలో ఇల్లు కట్టివ్వచ్చు, రేషన్ కార్డు మార్చివ్వచ్చు. జీలుగు గెల వెయ్యడానికి ఏళ్ళు పడుతుంది, అదీ కొండ వాలు మీద, వాగు చెమ్మలో. అక్కడ పుట్టే పిల్లలకు జీలుగు పిండి వాళ్ళ అవ్వ చెప్పే కథగానే తెలుస్తుంది, ఇప్పపువ్వు మా ఇంట్లో అమ్మమ్మ రహస్యంగా తెలిసినట్టు.

పోయిన వేసవిలో భద్రాచలం నుంచి మా స్నేహితుడొకడు ఇప్పపువ్వు లడ్డూల ప్యాకెట్ తెచ్చాడు. ఇప్పుడు ఆదివాసీ ఆడవాళ్ళ సంఘాలు వీటిని చేస్తున్నాయి, రక్తహీనత ఉన్నవాళ్ళకి మంచిదని సర్కారే ప్రచారం చేస్తోంది. నూటముప్పై ఏళ్ళ కింద సారా ముడిసరుకని కట్టడి చేసిన పువ్వు ఇప్పుడు పోషకాహారం. ప్యాకెట్ మీద క్యాలరీలు, ఐరన్, అన్నీ రాసి ఉన్నాయి.

ఖమ్మం తీసుకెళ్ళి అమ్మమ్మ చేతిలో ఒకటి పెట్టా. అమ్మ, నాన్న చూస్తుండగానే. వాసన చూసింది, చిన్న ముక్క విరిచి నోట్లో వేసుకుంది, చాలాసేపు నమిలింది.

"పువ్వు మంచిదే," అంది. "బెల్లం ఎందుకేశార్రా? దానికదే తీపి గదా."

మిగతా సగం కొంగున కట్టుకుంది.